బొటనవేలు చూపిస్తే పైకే

అయినా మీరే చెప్పండి, ఎవరింట్లో ఫ్రిజ్ మూలిగినా పరిగెత్తే మనిషి సొంత వంటింట్లో పంపు కారుతుంటే పట్టించుకోకపోతే, పెళ్ళానికి ఒళ్ళు మండదా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. పంపు కింద గిన్నె పెట్టి, ఆ నీళ్ళు మొక్కలకు పోస్తూ, ఆవిడ ఒక్క రబ్బరు వాషర్ కోసం ఎదురుచూస్తూనే ఉంది.

ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. చిన్నప్పుడు నీళ్ళు ఎక్కడ కనపడితే అక్కడ బుడుంగున మునిగేవాడట, ఆ బుడుంగే పేరైపోయింది. షాపు ముందు గదిలో ఫ్రిజ్‌లు, వెనక గదిలో గాలి సిలిండర్లు. ముందు గది కూటికి, వెనక గది పిచ్చికి. సముద్రం అడుగున, యుద్ధకాలంలో మునిగిన ఓడలనీ కూలిన విమానాలనీ చూసి రావడం ఆయన పిచ్చి. చూసి రావడమే, పట్టుకు రావడం కాదు.

“అవి సమాధులు. సమాధి దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలి గాని, జేబులు నింపుకుంటామా?” అంటాడు.

ఆ లోతులో మామూలు గాలి పీలిస్తే పూటుగా తాగినట్టు మత్తెక్కుతుంది. అందుకని బెలూన్లలో నింపే హీలియం కలుపుతాడు. ఒకసారి హీలియం గొట్టం సరిచూస్తూ కాస్త పీల్చాడు, అంతలో ఫోన్ మోగింది. ఈయన గొంతు విని అవతలివాడు, “పాపా, మీ నాన్నకివ్వమ్మా” అన్నాడు. “నేనే నాన్నని” అని ఈయన కీచుమన్నాడు. ఆ ఫ్రిజ్ వేరే షాపుకు పోయింది.

దిగడం చిటికెలో పని. ఎక్కడమే గంటల వ్యవహారం. గబుక్కున పైకొస్తే గోలీసోడా కొట్టినట్టు నెత్తుట్లో బుడగలు పొంగుతాయి. తాడు పట్టుకుని, ఆగి ఆగి, గబ్బిలంలా వేలాడుతూ రావాలి. ఒంటరిగా దిగకూడదు కాబట్టి తోడుకి బావమరిదిని పెట్టుకున్నాడు.

“బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడన్నారు. అందుకే వీణ్ణి తీసుకెళ్తున్నా” అంటాడు భార్యతో.

“అంటే నా తమ్ముడు మీ బీమా పాలసీ అన్నమాట” అంటుంది ఆవిడ.

నీళ్ళలో నోటికి పని లేదు, అన్నీ చేతి సైగలే. వేళ్ళు గుండ్రంగా చుడితే బాగున్నానని. బొటనవేలు ఎత్తితే మాత్రం, ఇక చాలు, పైకి పోదామని. ఇద్దరిలో ఎవరు ఎత్తినా ఇద్దరూ పైకే. ఎందుకని అడగకూడదు, గట్టుకొచ్చాక కూడా అడగకూడదు. అడుగుతారన్న సిగ్గుతో ఒకడు వేలు ఎత్తకుండా ఊరుకుంటే, ఆ ఒకడు ఇక పైకి రాకపోవచ్చు. బడిలో చిటికెనవేలు ఎత్తినవాణ్ణి ఎందుకని అడుగుతారా, ఇదీ అంతేనని బావమరిదికి తనే నేర్పాడు.

సముద్రంలో ఒక చోట జాలర్ల వలలు ఊరికే చిక్కుకుంటాయి. అక్కడ యుద్ధంలో ఓ విమానం కూలిందని పాతవాళ్ళు చెప్పేవారు. దాని కోసం బుడుంగు ఏళ్ళ తరబడి వెతికాడు. బండలు దొరికాయి, ఓసారి తుప్పుపట్టిన వంట స్టవ్ దొరికింది. ఆఖరికి భార్య తేల్చేసింది.

“మోకాళ్ళు పట్టేస్తున్నా మానరు. ఈ ఏడు ఒక్కసారే దిగండి. విమానం కనపడిందా సరే. కనపడలేదా, ఆ సిలిండర్లు అమ్మేసి మనుషుల్లో పడండి.”

ఆయన ఒట్టు వేయడానికి ఆవిడ నెత్తిమీద చెయ్యి పెట్టబోయాడు. “మీ నెత్తిమీదే వేసుకోండి, నా నెత్తికి బోలెడు పనుంది” అందావిడ. తన నెత్తిమీదే వేసుకున్నాడు.

దిగారు. అడుగున చీకటి. బావమరిది టార్చి పట్టుకుని ముందు, దారి తప్పకుండా దారం వదులుతూ బుడుంగు వెనక. దారం కాస్తా చేతి తొడుక్కి చుట్టుకుంటే తలవంచి విడదీసుకున్నాడు. తలెత్తేసరికి టార్చి వెలుగులో బావమరిది బొటనవేలు నిటారుగా నిలబడి ఉంది.

పైకి పోతే ఆ ఒక్క అవకాశమూ పోయినట్టే. అయినా అర క్షణం ఆలోచించలేదు. తనూ వేలు చూపించి వెనక్కి తిరిగాడు. బావమరిది తల అడ్డంగా ఊపాడు, రెండు చేతులూ ఆడించాడు. పాపం కంగారు పడుతున్నాడని బుడుంగు వాడి జబ్బ పట్టుకున్నాడు. వాడు ఊపేకొద్దీ ఈయన గట్టిగా పట్టుకుని తాడు దగ్గరికి లాక్కుపోయాడు. తాడు మీద గంటల తరబడి వేలాడారు. రాసుకునే పలక మెడలోనే ఉన్నా, బావమరిది ఒక్క ముక్క రాయలేదు.

పడవెక్కాక వాడికి దుప్పటి కప్పి, వేడి టీ పట్టాడు. అడగాలని నాలుక దురద పెట్టింది. అడగలేదు.

“కనపడిందా?” అంది ఇంటి దగ్గర ఆవిడ.

“లేదు.”

గెలిచిన మనిషి నవ్వాలి కదా, ఆవిడ నవ్వలేదు. మర్నాడు షాపు తలుపుకి ‘సిలిండర్లు అమ్మబడును’ అని అట్టముక్క వేలాడింది. కొనడానికొచ్చినవాడికి బుడుంగే వాటి లోపాలన్నీ ఏకరువు పెట్టి పంపేశాడు.

ఆ ఆదివారం ఆవిడ తమ్ముణ్ణి మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు, పంపు ఒక్కటే మాట్లాడుతోంది.

“కూర ఎలా ఉందిరా? ఉప్పు సరిపోయిందా?” అంది తమ్ముడితో.

వాడి నోటి నిండా ముద్ద. బ్రహ్మాండమన్నట్టు ఎడమచేతి బొటనవేలు ఎత్తి చూపించాడు.

బుడుంగు చేతిలో ముద్ద వదిలేసి లేచాడు. కుర్చీ వెనక్కి తోసి, బావమరిది జబ్బ పట్టుకుని లేవదీశాడు కూడా.

“ఎక్కడికండీ, ఇంకా పెరుగుంది” అంది ఆవిడ.

ఆయన ఆ వేలు వంక చూశాడు. వాడి మొహం వంక చూశాడు. మెల్లగా కూర్చున్నాడు.

“ఒరేయ్.”

“ఊఁ.”

“ఆ రోజు కూడా ఉప్పు సరిపోయిందనేనా?”

వాడికి పొలమారింది. నీళ్ళు తాగి, తల వంచుకుని అన్నాడు. “రెక్క కనపడింది బావా. మన వీధంత రెక్క. ఒళ్ళు తెలీలేదు. బాగుందని చూపించేశా.”

“పలక మీద రాయొచ్చుగా.”

“ఏమని? నేను గాడిదనని రాయనా?”

“అది రాసుంటే వెంటనే నమ్మేవాణ్ణి. పైకొచ్చాకైనా చెప్పొచ్చుగా.”

“నువ్వు అడగలేదుగా.”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక, “అయినా ఒట్టు ఒట్టే. మీకు కనపడలేదుగా” అంది.

“నాకు కనపడిందిగా అక్కా. ఎవరికి కనపడాలో ఒట్టులో ఉందా?”

ఆవిడ మొగుడి వంక చూసింది. తప్పు చేసిన పిల్లాడిలా అన్నం పిసుకుతున్నాడు. పంపు టప్పుమంది.

“సరే, ఇంకొక్కసారి. ముందు పంపుకి వాషర్, ఆ తర్వాతే సముద్రం.”

ఆయన ఆ పంపు కిందే చెయ్యి కడుక్కుని వాషర్ కోసం బయల్దేరాడు. దారిలో పడవాయన ఎదురయ్యాడు. “రేపు పొద్దున నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఆ తర్వాత గాలి, ఇక పడవ తియ్యను” అన్నాడు. హార్డ్‌వేర్ కొట్టు కుడివైపు, తన షాపు ఎడమవైపు. బుడుంగు ఎడమకి తిరిగి, అట్టముక్క పీకేసి సిలిండర్లు నింపాడు.

మర్నాడు రెక్క చూశాడు, రెక్క దాటాక అద్దాలు పగిలిన ముక్కు చూశాడు. లోపలికి తొంగిచూడలేదు. చేతులు కట్టుకుని, గాలి సరిపోయినంతసేపు అలాగే నిలబడ్డాడు. బావమరిది రెండు పిడికిళ్ళూ చంకల్లో దాచుకుని పక్కనే నిలబడ్డాడు.

ఇంటికొచ్చి అదంతా చెప్పాడు. ఆవిడ పని ఆపి పూర్తిగా వింది. చెంగుతో ఆయన తడి జుట్టు తుడిచింది. తుడిచాక అడిగింది.

“బాగుంది. వాషరేది?”

బుడుంగు జేబులు తడుముకున్నాడు. ఆవిడ మొహం చూశాడు, గిన్నె చూశాడు. తర్వాత బొటనవేలు ఎత్తి చూపించి, మేడ మీదికి ఎక్కేశాడు.

చూపించాక ఎందుకని అడగకూడదు కదా.