ముళ్ళకంప కింద పువ్వు

ఆమె మేకలు కాసేది, కానీ పువ్వు కనిపిస్తే తన మేకలకే అడ్డుపడేది. యరమరస్‌లో మా పవర్ ప్లాంట్ కాలనీ గోడ దాటితే గుట్ట, దాని వెనక చిట్టడవి. కొత్త కాపురంలో పొద్దుపోక ఆ అవ్వ వెంట నడిచేదాన్ని. నేల మీద ఏ చిన్న పువ్వు కనిపించినా ఆగి, ముళ్ళకంప విరిచి, దానిపైన బోర్లించేది.

"మేకలకు ఇంత అడవి ఉన్నది. ఇదొక్కటన్న బతకనీ బిడ్డా," అనేది.

ఆ చైత్రంలో ఒక వాన పడ్డాక, రెండు బండల సందున ఒక తెల్లపువ్వు లేచింది. ఒక్క ఆకైనా లేదు. నేలలోంచి నేరుగా కాడ, కాడ చివర పువ్వు. దాని పేరు అవ్వకూ తెలియదు.

"నా పెండ్లికి ముందు ఒకపారి సూసిన," అని దాని ముందు చాలాసేపు కూర్చుండిపోయింది. ఆ తర్వాతే కంప కప్పింది.

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్ళి, కంప పక్కకు తీసి, గడ్డతో సహా తవ్వుకొచ్చి మా బాల్కనీ కుండీలో పెట్టాను. వచ్చేముందు గుంట పూడ్చి, కంప ఎప్పటిలాగే సర్దాను.

సాయంత్రం అవ్వ కంప ఎత్తి చూసింది. నావైపు చూసింది. గోళ్ళలో ఎర్రమట్టి ఇంకా పోలేదు, చేతులు కొంగులో దాచుకున్నాను. ఆమె పక్కనున్న నల్లమేకను కట్టెతో ఒక్కటి వేసింది.

"ఈ ముదనష్టపుది తినిపాయె బిడ్డా."

నేనూ మేకవైపు చూసి తలూపాను.

కుండీలో గడ్డ వారానికే కుళ్ళిపోయింది. పువ్వు తిన్న మేక కంపను మళ్ళీ ఎలా కప్పిందని మాత్రం అవ్వ నన్ను ఎన్నడూ అడగలేదు.