పురుగులక్క ఇంటి దోమలు

లోకంలో చాలామంది పురుగుల్ని చంపి బతుకుతారు. పురుగులక్క వాటిని పెంచి బతుకుతోంది. వరి పరిశోధన కేంద్రంలోని అద్దాల గదికి ఆవిడే అధిపతి, ఆవిడే ఆయా. వరి కాండం తొలిచే పురుగుల్ని తరాల తరబడి అక్కడ కన్నబిడ్డల్లా సాకుతోంది. ఆ కేంద్రంలో శాస్త్రవేత్త అయిన మేడమ్, మట్టిలో బతికే ఓ సూక్ష్మజీవి జన్యువును తెచ్చి వరిలో చేర్చింది. ఆ మొక్కను కొరికిన పురుగు పేగు చెడి చావాలి. చస్తుందో లేదో తేల్చాలంటే ముందు నిక్షేపంలాంటి పురుగు కావాలి. మంచం పట్టిన శత్రువును ఓడించి మీసం మెలేస్తే ఎవరు మెచ్చుకుంటారు?

ఈ కొలువుకో నియమం ఉంది. అద్దాల గదిలో పనిచేసేవాళ్ల ఇంట్లో దోమల మందు, చీమల మందు, బొద్దింకల మందు ఏదీ వాడకూడదు. చీరకంటిన కాస్త పొగ చాలు, లేత పురుగులు రాలిపోవడానికి. అందుచేత పురుగులక్క ఇంట్లో సకల జీవరాశికీ అభయం. బొద్దింకలు పట్టపగలే, అద్దె కడుతున్నంత ధీమాగా, వంటగట్టు మీద తిరిగేవి.

కూతురు పసిపిల్లతో వచ్చాక చిక్కొచ్చిపడింది. తెల్లారితే పురుగుల గుడ్లు పగులుతాయనగా, సాయంత్రం పురుగులక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, ఏం వెలిగించారు?"

"నేనా? ఏం లేదే," అన్నాడు ఆవిడ భర్త, రిటైరైన బస్సు డ్రైవరు.

"ఏం లేకపోతే మంచం కింద పొగెక్కడిది?"

"పిల్ల బుగ్గలు చూశావా, ఎలా కందిపోయాయో? పురుగులకిచ్చే మర్యాదలో పావు వంతు మనవరాలికీ ఇవ్వవే."

"దోమతెర కట్టమన్నానా?"

"కట్టాను. లోపలున్న దోమలు బయటికి పోయే దారి లేక మనమీదే పడుతున్నాయి."

పిల్ల బుగ్గలు చూశాక తిట్టడానికి నోరు రాలేదు. మంచం కింది దోమల కాయిల్‌ను నీళ్లలో ముంచి, రెండుసార్లు తలంటుకుంది. కానీ దండెం మీద చీరలన్నింటికీ అదే వాసన. ఆ చీరతో వెళితే, పోల్చి చూడ్డానికి మామూలు వరి మీద పెట్టిన పురుగులు కూడా చస్తాయేమో. అప్పుడు కొత్త వరి చంపిందో, తన చీర చంపిందో ఎవరికి తెలుస్తుంది? మేడమ్ పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే. వెళ్లకపోతే పుట్టిన పురుగులు మధ్యాహ్నానికి ఆకలితో పోతాయి. కూర్చోలేక, నిలబడలేక మేడమ్‌కి ఫోన్ చేసింది.

"స్నానం చేసి వచ్చేయండక్కా, ఏం కాదు."

"కాకపోవచ్చు మేడమ్. అయితే?"

"సరే, రేపు పురుగుల్ని మొక్కల మీద నేనే పెడతాను."

మర్నాడు పురుగులక్క అద్దం బయట నిలబడి, లేత పురుగుల్ని మొక్కల మీదికి చేరుస్తున్న మేడమ్ కుంచెనే చూస్తూ ఉంది. మాట లోపలికి వినబడదు కనుక మెల్లిగా, ఇటు, ఇంకొంచెం కిందికి అని చేతులూపింది.

"ఏంటక్కా, బస్సును వెనక్కి పెట్టిస్తున్నావా?" అన్నాడు వాచ్‌మన్.

"నువ్వు పక్కకు తప్పుకో, వెలుతురు పడాలి."

ఇక మామూలు వరి మొవ్వు, అంటే నడిమి లేత ఆకు, ఎండాలి. ఎండితే పురుగు బతికి తొలుస్తున్నట్టు. ఆ ఎదురుచూపులో పురుగులక్క మడతపెట్టిన దుప్పట్లు విప్పి మళ్లీ మడతపెట్టింది. భర్త ఇంట్లో గుడ్డలన్నీ ఉతికాడు, కిటికీ తెరలతో సహా.

ఒకరోజు పొద్దున మేడమ్ ఆవిడను మొక్కల దగ్గరికి పిలిచింది. మామూలు వరి మొవ్వు పట్టి లాగితే ఎండు పరకలా చేతికొచ్చింది. వరి ఎండిందని అంత మురిసిపోయిన మనిషి భూమ్మీద మరొకరు ఉండరు. పక్కనే కొత్త వరి పచ్చగా నిలబడి ఉంది. కాండం చీల్చి చూస్తే లోపల నల్లటి దారప్పోగులా ముడుచుకున్న పురుగు. పురుగులక్క దాన్ని కాస్త ఎక్కువసేపే చూసింది.

"గెలిచాం అక్కా."

"గెలిచాం మేడమ్. మీ చెయ్యి మంచిది, ఒక్కటీ నలగలేదు."

"అయితే ఇక పురుగులతో పని లేదు, మీకూ సెలవిచ్చేయొచ్చు," అని నవ్వింది మేడమ్.

పురుగులక్క కూడా నవ్వింది. నవ్వుతూనే అద్దాల గదిలోకి వెళ్లి, అప్పటికే అద్దంలా మెరుస్తున్న పురుగుల డబ్బాలన్నీ దించి మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.