బోర్డు మీద వియత్నాం

తొమ్మిదేళ్ళుగా ఒక అంకె నా గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ధైర్యం చేస్తున్నాను. 

నేను ఒక బ్యాగుల ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్‌ని. అదే కంపెనీకి వియత్నాంలోనూ ఫ్యాక్టరీ ఉంది. ముందురోజు అక్కడెన్ని, ఇక్కడెన్ని బ్యాగులు తయారయ్యాయో రాసిన కాగితం పొద్దున్నే నా బల్ల మీదికి వస్తుంది. షెడ్డులో తెల్లబోర్డు. ఎడమవైపు ‘వియత్నాం’, కుడివైపు ‘మనం’. రెండు అంకెలూ రాయడం నా పని. మొదట్లో వాళ్ళు చాలా ముందుండేవాళ్ళు. నెలలు గడిచేకొద్దీ ఆ ఎడం తగ్గుతూ వచ్చింది. ఒక పొద్దున చూస్తే, మేమే దాటేశాం.

సంతోషించాలి కదా? నాకు భయం వేసింది. గెలిచామని తెలిస్తే నా లైన్‌లో వాళ్ళు తీరుబడిగా చేస్తారు, లెక్క పడిపోతుంది, కొత్తగా వచ్చిన నా పోస్టు ఊడిపోతుంది. వియత్నాం అంకెను పెంచి రాశాను. అలా రాయమని ఎవరూ చెప్పలేదు. మేనేజరు గారికి కూడా తెలియదు. మర్నాడూ పెంచాను. తర్వాత అలవాటైపోయింది.

కామాక్షిది పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇల్లు. రెక్సిన్ కోసే ప్రెస్సు మీద పని చేసేది. ఆ మెషిన్‌కు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే కోసే అచ్చు దిగుతుంది, చెయ్యి దాని కింద పడకుండా. ఒకరోజు బోర్డు ముందు చాలాసేపు నిలబడి నన్ను అడిగింది.

“వాళ్ళకి గూడా రెండు చేతులే గదక్కా? ఎట్టా చేస్తా ఉండారు?”

“చేతులు రెండేలే. నీ మాదిరిగా బద్ధకం లేదంతే,” అన్నాను. నవ్వాను కూడా.

మర్నాడు ఆమె ప్రెస్సుకు ఒక బటన్‌ను నొక్కిపెట్టి మీద టేపు అంటించి ఉంది. ఒక చేత్తో నొక్కుతూ, రెండో చేత్తో రెక్సిన్ సర్దుతోంది. చూశానా, లేక పనిలో పడి గమనించలేదా? ఎందుకీ బుకాయింపు, బాగా చూశాను. నీలం టేపు. ఏమీ అనకుండా ముందుకు వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం లోపే రెండు వేళ్ళు పోయాయి. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా షెడ్డు రేకులు దడదడలాడతాయి, దానికి నేను ఉలిక్కిపడను. ఏదైనా మెషిన్ ఠక్కున ఆగితే మాత్రం ఇప్పటికీ పరుగున వెళ్ళి, దాని మీదున్న మనిషి వేళ్ళు చూస్తాను.

విచారణలో, టేపు తనంతట తానే వేసుకుందని చెప్పాను. కామాక్షి కూడా నిజమేనని తలూపింది. ఆమెను పనిలోంచి తీసేశారు. చర్చిలో మోకాళ్ళ మీద అన్నీ ఒప్పుకున్నాను, అత్తతో పడ్డ తగువు దాకా. ఇదొక్కటి తప్ప.

పోయిన వారం కామాక్షి కూతురు మౌనిక మా లైన్‌లో చేరింది. అదే ప్రెస్సు. మొదటిరోజే బోర్డు ముందు ఆగింది. నా చేతిలో మార్కర్ ఉంది.

“ఆ దేశమోళ్ళని ఒక్కసారన్నా దాటాలంటా ఉంటది మా అమ్మ,” అంది.

పనికి పొమ్మన్నాను. ఆ పిల్ల వెనుదిరిగాక, వియత్నాం అంకె మళ్ళీ పెంచే రాశాను. ఇప్పుడు ఒక్కసారిగా తగ్గిస్తే ఎందుకని అడగరా? అడిగితే ఎక్కడిదాకా వెనక్కి వెళ్ళాలి? రోజూ అందరికన్నా ముందే వచ్చి, ఆ ప్రెస్సు బటన్లు రెండూ వేలితో తడిమి చూస్తున్నాను, టేపు లేదు కదా అని.

కామాక్షి వేళ్ళు పోయిన రోజు పొద్దున వచ్చిన కాగితం మాత్రం చింపలేదు. బైబిల్లో మడిచి పెట్టాను. అందులోనూ మేమే ముందున్నాం.

దాటేశావు కామాక్షీ. ఆ టేపు అంటించకముందే దాటేశావు.

ఇది ఆమెతో అనాల్సిన మాట. మీతో అన్నాను. ముల్లు కాస్త కదిలింది.