ముచ్చెమటలకు జర్మన్ మాట

కరోనా మాస్కులు తీసేసిన కొత్తలో, దుబాయ్ సత్వాలోని మా గదిలో నాకు జర్మన్ నేర్పింది జర్మన్ రాని మనిషి. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసే, నాతో గది పంచుకునే అక్క. నేను క్లినిక్‌లో నర్సుని. జర్మన్ మాట్లాడే పరీక్ష అప్పటికి రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే జర్మనీ ఆసుపత్రిలో ఇస్తామన్న ఉద్యోగం పోతుంది. ఇక్కడి వీసా ఆ నెలతో సరి. ఆ భయంతో అన్నం సహించేది కాదు.

నా జబ్బు ఒక్కటే, హల్లు మీద మాట ఆపలేను. వాళ్ళ భాషలో భయాన్ని 'ఆంగ్‌స్ట్' అంటారు. ఒక్క అచ్చు, దాని వెనక హల్లుల వరస. చివర నేనొక 'ఉ' తగిలించకుండా ఉండలేను. అక్క గరిటె పట్టుకుని కూర్చునేది. చివర అచ్చు వినబడితే చాలు, గిన్నె మీద టక్కున కొట్టేది.

"మళ్ళీ తోక తగిలించేవే పిల్లా! యల్లా, ఇంకోసారి అను."

అన్నిటికన్నా హడలగొట్టింది 'ఆంగ్‌స్ట్‌ష్వైస్'. ముచ్చెమటలకు వాళ్ళ మాట అది. భయం పక్కన చెమటను తెచ్చి నిలబెడతారు, అంతే. మన సంధిలో అయితే ఒక అక్షరం ఇంకోదానికి చోటిచ్చి తప్పుకుంటుంది. అక్కడ ఏ హల్లూ తప్పుకోదు. ఆ అతుకు దగ్గరే నా నాలుక ప్రతిసారీ జారేది.

పరీక్షకు ఇద్దరిద్దరిని పిలుస్తారు. నాకు జతగా ఒక కేరళ నర్సు వచ్చింది. మొదటి ప్రశ్నకే ఆ అమ్మాయి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. పెదవులు పాలిపోయాయి. వార్డు అలవాటు ఊరుకోనిస్తుందా? నా చెయ్యి వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది. అరచెయ్యి తడిసి ముద్దయి ఉంది. గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టసాగాను.

ఏమైందని పరీక్ష పెట్టే ఆవిడ జర్మన్‌లో అడిగింది.

"ఆంగ్‌స్ట్‌ష్వైస్," అన్నాను తల ఎత్తకుండానే. తోక లేదు.

ఆ అమ్మాయికి నీళ్ళు తాగించాక పరీక్ష సాగింది. నేను గట్టెక్కాను. ఆమె సంగతి తెలియదు.

ఫలితం వచ్చిన రోజు అక్క గిన్నె మోగేలా గరిటెతో వాయించింది. జరిగిందంతా చెప్పాను. విని గరిటె పక్కన పెట్టింది.

"మరి జర్మనీలో నీకలా అయితే, చెయ్యెవరు పట్టుకుంటారే?"

అప్పుడు పట్టాయి నాకు ముచ్చెమటలు.