అందరికీ ఒకటే పేరు

“పెట్టెలోకి పోయి లైను ఆపినోడు నువ్వు కాకపోతే ఇంకెవరు? గాలొచ్చి ఆపిందా?” అన్నాడు నా కొడుకు ప్రతాప్.

“నేను ఆపినానని యాడుండాదో చూపించప్పా. చూపిస్తే ఈడనే చెప్పుతో కొట్టుకుంటా,” అన్నాడు మా లైన్‌మన్ మస్తాన్.

“నిన్న నెట్ సెంటరాయనతో కొట్లాడింది నువ్వే గదా. నీ లైను ఎట్ల నడుస్తాదో చూస్తా అంటివంట.”

“కోపంలో అంటి. అన్నోళ్లంతా చేస్తారా? పనోళ్లను చంపుతా చంపుతా అని నువ్వు దినామూ అంటాండావు. ఇంతవరకు ఒకడన్నా సచ్చినాడా?”

మామూలు రోజైతే ఆ మాటకు అందరం నవ్వేవాళ్లం. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఇది కరోనా తగ్గిన మరుసటి ఏడు, మైదుకూరులో జరిగిన సంగతి. మాది కేబుల్, ఇంటర్నెట్ వ్యాపారం. మా ఆయన పోయాక కొడుకు చూసుకుంటున్నాడు గానీ, ఆఫీసులో నా కుర్చీ నాకుంది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. అయినా జానెడు తీగ పారేస్తే ఊరుకోను. మిగిలిన ముక్కలను ముడేసి మేడమీద దండేలు కట్టించాను.

ఈ పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మా పనిలో స్విచ్ అంటే లైటు వేసేది కాదు. అది ఆఫీసు గోడకు బిగించిన ఇనుప పెట్టె. దానికి వరుసగా కన్నాలుంటాయి, వాటిని పోర్టులంటారు. ఒక్కో పోర్టు నుంచి ఒక్కో బజారుకు లైను పోతుంది. ఎవరి లైను ఆపాలన్నా తీగ పీకే పని లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పెట్టెలోకి పోయి పోర్టు మూస్తే చాలు. లోపలికి పోవడానికి ఒక యూజర్ పేరు, ఒక పాస్‌వర్డ్ కావాలి. మా పెట్టెకు ఉన్నది ఒకటే పేరు, అడ్మిన్. అన్ని అధికారాలూ ఉన్న పేరు అది. నా కొడుకు, మస్తాన్, ఇంకో లైన్‌మన్ ఓబులేసు, ముగ్గురూ ఆ పేరుతోనే పోయేవాళ్లు.

అది తెలివితక్కువతనం వల్ల అయినది కాదు, మర్యాద వల్ల అయినది. ఆ పెట్టె బిగించింది నా కూతురి కూతురు కీర్తి. కర్నూలులో నెట్‌వర్క్ పని చేస్తుంది. బిగించిన రోజే చెప్పింది: “మనిషికొక పేరు పెడదామవ్వా. మామకు అన్నీ చేసే అధికారం, లైన్‌మన్లకు చూసేంత మటుకే. ఎవరు ఏం చేసినారో పెట్టె రాసి పెట్టుకుంటాది. ఖర్చేమీ ల్యా.”

ఖర్చు లేదన్నాక నేను సరే అన్నాను. పక్కనే ఉన్న మస్తాన్ ముఖం మాడిపోయింది.

“పెద్దాయన ఉన్నప్పటి నుంచి మీ స్తంభాలెక్కినా. మీ వంటింట్లో నా చేత్తో నీళ్లు ముంచుకోని తాగే మనిషిని. ఇప్పుడు చూసి పోయేకి నాకొక పేరా పాపా? అందరికీ లోపల విస్తరేసి నాకు అరుగు మీద వేసినట్లుండాది.”

ప్రతాప్ వెంటనే కీర్తిని ఆపాడు. “మస్తాన్ ఇంటి మనిషి. ఇంటి మనిషికి వేరే పేరేంది? అందరికీ ఒకటే ఉండనీ.” ఇంటి మనిషిని చిన్నబుచ్చి పని చేయించడం మా వైపు కుదరదు. మస్తాన్ ఆ రోజు సంతోషంగా ఇంటికి పోయాడు.

గొడవ జరిగిన రోజు కాలేజీ సీట్లకు పిల్లలు దరఖాస్తు పెట్టే ఆఖరి దినం. నెట్ సెంటరు ఉన్న బజారుకు మధ్యాహ్నం లైను పోయింది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు సెంటరు మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. మస్తాన్, ఓబులేసు ఎండలో తీగంతా వెతికారు. ఎక్కడా తెగలేదు. పెట్టెలో చూడాలని ఎవరికీ తోచలేదు. సాయంత్రం కీర్తికి ఫోన్ చేస్తే, కర్నూలు నుంచే పెట్టెలోకి చూసి, పోర్టు లోపలి నుంచి మూసి ఉందని చెప్పింది. అప్పటికి గడువు దాటింది.

నెట్ సెంటరాయన బజారంతా వెంటబెట్టుకుని వచ్చాడు. “ఆ మస్తాన్ మీకాడ ఉన్నన్నాళ్లు మాకు మీ లైను వద్దు,” అని చెప్పి పోయాడు. వాళ్లు పోగానే మొదలైంది నేను ముందు రాసిన గొడవ.

ఇద్దరినీ గద్దించి మళ్లీ కీర్తికి ఫోన్ కలిపించాను. “ఎవరు మూసినారో చెప్పు పాపా.”

“అడ్మిన్ అనే పేరుతో, మన ఆఫీసు కంప్యూటర్ నుంచే మూసినారు. అంతకు మించి పెట్టెకు తెలీదు.”

“ఆ అడ్మిన్ ఎవరు?”

“మీరందరూనే, అవ్వా.”

ఆ పొద్దు ముగ్గురూ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లే. ఓబులేసు ఏదో పాత కనెక్షన్ మూశానన్నాడు. పక్క పోర్టు మూశాడేమో. ప్రతాపే పొరపాటు చేశాడేమో. మస్తాన్ చేశాడేమో. ఈ రోజుకీ మాకు తెలియదు.

“మీ గుళ్లో కర్పూరం ఆర్పమంటే ఆర్పుతా. మా దర్గాలో దీపం మీద చెయ్యి పెట్టమంటే పెడతా. యాడికి రమ్మంటావు పెద్దమ్మా?” అన్నాడు మస్తాన్.

“నాకు ప్రమాణం అక్కరల్యా. నేను నమ్ముతాండా.”

“ప్రతాపప్ప?”

ప్రతాప్ బిల్లుల పుస్తకం ముందుకు లాక్కుని తెరిచాడు. మస్తాన్ కాసేపు వాని ముఖమే చూసి తల దించుకున్నాడు.

ఆ సాయంత్రమే కీర్తి చేత ముగ్గురికీ మూడు పేర్లు పెట్టించాను. పాత పేరుకు పాస్‌వర్డ్ మార్చి కీర్తి తన దగ్గరే ఉంచుకుంది. ఎవరైనా పని మానితే వాళ్ల పేరు వెంటనే మూసేయాలని ప్రతాప్‌కు రెండుసార్లు చెప్పింది. మస్తాన్ తన వంతు వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ పాస్‌వర్డ్ కొట్టాడు. “ఇది ఆ పొద్దే పెట్టనిచ్చింటే బాగుండు,” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

నాకు అప్పుడు అర్థమైంది ఇది. వేరే తాళంచెవి ఇచ్చేది నమ్మకం లేక కాదు. పది మంది చేతుల్లో తిరిగే తాళంచెవి దొంగను దాస్తుంది, దొర మీద నింద వేస్తుంది. నేను కాదని చెప్పుకునే దారి మనిషికి మిగల్చాలి. ఆ దారి మూసేసి ఇంటి మనిషి అని పిలిచి ఏం లాభం?

మరుసటి పొద్దున నేను ఆఫీసు తాళం తీసేసరికి మస్తాన్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. నడుముకు కట్టుకునే బెల్టు, కటింగ్ ప్లేయరు, లైను చూసే టెస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“నిచ్చెన ఎనక పెట్టినా పెద్దమ్మా. కింది మెట్టు వదులుగా ఉండాది. ఎక్కేటప్పుడు చూసుకోమని ఓబులేసుకు చెప్పు.”

“టీ తాగిపో,” అన్నాను.

“తాగొచ్చినా,” అన్నాడు. పోయాడు.

ప్రతాప్ వచ్చి బల్ల మీద సామాను చూశాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, తన కొత్త పేరుతో పెట్టెలోకి పోయి, మస్తాన్ పేరు మూసేశాడు. ఎవరు మూశారో పెట్టె రాసుకుంది.