పేజీ తిప్పని మనిషి

నా పాత డైరీల్లో ఆయన పేరు లేదు, ‘పక్కింటాయన’ అనే ఉంది. గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారి. ఎనభైల్లో పాత కావ్యాలనూ చరిత్ర గ్రంథాలనూ రంగుల బొమ్మలతో, దళసరి కాగితం మీద మళ్లీ అచ్చు వేస్తే మద్రాసు నుంచి పోస్టులో తెప్పించుకునేవాడు. బీరువా నిండా అవే. ఒక్కదాన్నీ ముట్టుకునేవాడు కాదు.

రోజంతా మిర్చి యార్డులో కాయలు గుప్పిట్లో నలిపి చూసే చేతులవి. ఎంత కడిగినా ఆ ఎరుపూ ఘాటూ పోయేవి కావు. అందుకని సాయంత్రం వరండాలో చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చునేవాడు. భార్య పుస్తకం తెరిచి పట్టుకునేది. ఆయన “ఊ” అంటే పేజీ తిప్పేది.

ఒకసారి నేనూ అక్కడుండగా, ఒక రాణి బొమ్మ చూసే ఆత్రంలో వేలు చాపాడు.

“ఏమండీ, చెయ్యి తీయండి! రాణిగారికి కళ్లు మండుతాయి” అందావిడ. ముగ్గురం నవ్వాం.

ఆవిడ పోయాక నెలకు వెళ్లాను. వరండాలో అలాగే చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు. ఎదుట బల్ల మీద, ఆవిడ పెట్టిన చోటే, ఆ రాణి బొమ్మ పుస్తకం మూసి ఉంది.

“నెల నుంచి యార్డుకు వెళ్లలేదుగా. చేతులు శుభ్రంగానే ఉన్నాయి, మీరే తిప్పుకోవచ్చుగా” అన్నాను.

“అలవాటు లేదు మాస్టారూ. మీరు తిప్పండి.”

తిప్పాను. ప్రతి పేజీకీ “ఊ” అన్నాడు. రాణి బొమ్మ వచ్చింది. తిప్పబోయాను.

“ఉండండి. ఇక్కడ ఆవిడ కాసేపు ఆగేది.”

ఎంతసేపు ఆగేదో నాకు తెలియదు. పేజీ పట్టుకుని కూర్చున్నాను. వీధి దీపాలు వెలిగినా ఆయన “ఊ” అనలేదు.