ఎలుకల గదిలో పాము గుడ్లు

పాము గుడ్లను తీసుకెళ్ళి ఎలుకల గదిలో దాచిన తెలివిమంతుణ్ణి నేను. మీరు అడగకముందే ఒప్పుకుంటున్నాను. దాచింది భక్తితో కాదు, తెలిసీ కాదు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, అంతే.

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో రాత్రిళ్ళు వల్లకాటి పక్కనుంచే పొలానికి నీళ్ళు పెట్టడానికి పోయేవాణ్ణి. సౌదీకి వచ్చాక నేను భయపడింది ఒక్క ఇకామాకే. అక్కడ ఉండనిచ్చే ఆ కార్డు గడువు తీరితే మనిషి బతికుండగానే ఎవరికీ కనపడకుండా తిరగాలి. ఇక వేరే దయ్యమెందుకు?

ఆ ఉద్యోగమూ నా తెలివివల్ల దొరికిందే. "పశువులను చూసుకోవాలె" అన్నాడు ఏజెంటు. సరే అన్నాను. పశుపతి మెడలో ఉండేది కూడా పశువుల లెక్కలోకే వస్తుందని తట్టలేదు.

మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, పెద్దాయన. మేం బాబా అనేవాళ్ళం. రియాద్‌లో పెంపుడు జంతువుల దుకాణం, ఊరి బయట ఖర్జూరపు తోట. ఆ తోటలో జంతువులకు రెండు గదులు. వెచ్చగా ఉండే గదిలో కొండచిలువలు. చల్లగా ఉండే గదిలో వాటికి మేతగా పెంచే తెల్ల ఎలుకలు. వేడి తగిలితే ఎలుకలు చస్తాయి, చలి తగిలితే పాములు ముడుచుకుపోతాయి. రెండింటి మధ్య నేను రోజంతా స్వెట్టర్ వేసుకుంటూ, విప్పుతూ తిరిగేవాణ్ణి.

ఊళ్ళో వినాయక చవితికి మండపం వేసేది నేనే. అలాంటి నాకు వినాయకుడి వాహనాన్ని నాగేంద్రుడికి నైవేద్యం పెట్టే ఉద్యోగం దొరికింది. ఈ లెక్క పైన ఏ దేవుడు ఎలా సర్దుకున్నాడో తెలియదు. కింద మాత్రం పని నడిచింది. పాలిచ్చే తల్లి ఎలుకలను వేరే డబ్బాల్లో పెట్టడం, పిల్లలను సైజుల వారీగా విడదీయడం, రంపపు పొట్టు మార్చడం, పాము కళ్ళు పాలరంగుకి తిరిగితే కుబుసం విడుస్తుందని మేత ఆపడం. అన్నీ చేతికి అలవాటయ్యాయి.

తోటకు మేనేజరు సత్తన్న. మా జిల్లావాడే, నాకంటే చాలా ముందు వచ్చాడు. అరబ్బీ నీళ్ళలా మాట్లాడతాడు. ఎలుకల గదిలోకి మాత్రం రాడు. వాసన పడదట.

అప్పుడే నితాఖత్ దెబ్బ తగిలింది, అంటే ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీవాళ్ళు ఉండాలనే చట్టం. దుకాణంలో సౌదీవాళ్ళు తక్కువ, మేం ఎక్కువ అని సర్కారు మమ్మల్ని తప్పు చేసినవాళ్ళ పసుపు రంగు జాబితాలోకి దించింది. అంతవరకు పసుపంటే శుభమే అనుకునేవాణ్ణి. దానిమీద తలకింత అని లెవీ. పాముకు లెవీ లేదు, ఎలుకకు లేదు. తోటలో లెవీ కట్టవలసిన తలలు రెండే, సత్తన్నదీ నాదీ.

"బాబా ఏమన్నడో ఎరుకేనా?" అన్నాడు సత్తన్న ఒకరోజు. "పెద్ద పాము గుడ్లు పిల్లలైతే నీ ఇకామా రెన్యువల్ చేస్తడట. కాకుంటే ఖురూజే తమ్మీ. బ్యాగు సదురుకో."

ఖురూజ్ అంటే తిరుగు టపా. ఊళ్ళో నేను కట్టిస్తున్న ఇంటికి గోడలు లేచాయి, స్లాబు పడలేదు. ఇప్పుడు పోతే ఆకాశమే కప్పు.

పెద్ద పాము అంటే బాబాకు ప్రాణమైన పసుపుపచ్చ ఆడ కొండచిలువ. గుడ్లు పెట్టి చుట్ట చుట్టుకుని, వణుకుతూ పొదిగేది. ఆ వణుకే వాటికి వేడి. సత్తన్న దాన్ని విడదీసి గుడ్లను తన గదిలోని పొదిగే మిషన్‌లో పెట్టించాడు. అప్పటికే నీరసించిన తల్లి కొన్నాళ్ళకే చచ్చిపోయింది. కంచె పక్కన గొయ్యి తీసి పాతిపెట్టి, కుక్కలు తవ్వకుండా రాళ్ళు పేర్చాను. బాబా ఎండాకాలమని చల్లటి కొండల ఊరు అబహా వెళ్ళి ఉన్నాడు.

తర్వాతి శుక్రవారం సత్తన్న బత్తా బజారుకు పోతూ చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. ఇస్త్రీపెట్టె కోసం మిషన్ ప్లగ్గు పీకాడు. మళ్ళీ పెట్టలేదు. ఆ గది ఏసీ ఆ వేళ అతని సుఖం కోసం జోరుగా నడుస్తోంది. దుకాణానికి ఎలుకలు దింపి నేను మర్నాడు వచ్చి చూస్తే ప్లగ్గులో ఇంకా ఇస్త్రీపెట్టె తీగే ఉంది, గుడ్లు చల్లబడి, సొట్టలు పడి ఉన్నాయి. ఇంకొన్నాళ్ళకు బూజు పట్టింది. సత్తన్న టార్చి పెట్టి చూశాడు.

"అన్ని మురిగినయ్. పారెయ్. బాబాకు ఫోన్ల చెప్పిన, నువ్వే ప్లగ్గు పీకినవని."

"నేనా? అన్నా, నేను తోటలనే లేను గదా!"

"నువ్వెట్లా పోయేటోనివే గద తమ్మీ. ఒక మాట పడితె నీకేం పోతది?"

గుడ్ల తట్ట పట్టుకుని చెత్తకుండీ దాకా వెళ్ళాను. మా ఇంట్లో పాము పేరు కూడా ఎత్తరు, పురుగు అంటారు. నాగుల పంచమికి అమ్మ పుట్టలో పాలు పోస్తుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డవాణ్ణి. ఆ చేతులతో చెత్తలో వెయ్యలేకపోయాను. శుక్రవారం సత్తన్న లేనప్పుడు తల్లి పక్కనే పాతిపెడదామని, అందాకా అతను అడుగుపెట్టని ఎలుకల గదిలో ఖాళీ డబ్బాలో పొట్టు పోసి దాచాను.

శుక్రవారం డబ్బాలో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

జ్వరం వచ్చిన పిల్లవాడి ఒంటిలా ఉంది. గది ఎప్పటిలాగే చలి. డబ్బా వెనక తీగ లేదు, మోటారు లేదు, ఎండ పడే కిటికీ లేదు. పక్క డబ్బాలు తాకితే చల్లగా ఉన్నాయి. బూజు తుడిచినట్టు పోయింది. గుడ్ల చుట్టూ పొట్టు నొక్కుకుపోయి గుండ్రని గాడి పడింది, బరువైనదేదో చుట్ట చుట్టుకుని కూర్చుని లేచినట్టు. చేత్తో చదును చేశాను. మరుసటి పొద్దున మళ్ళీ గాడి.

అప్పుడు ఎలుకలను గమనించాను. ప్రతి డబ్బాలోనూ అన్నీ ఒకే మూలకు, గుడ్లకు దూరంగా ఉన్న మూలకు, ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. చప్పుడు లేదు. పాలు తాగే పిల్లలను కూడా తల్లులు అటే లాక్కుపోయాయి. పరీక్షించాలనిపించి గుడ్ల డబ్బాను గదిలో అటు చివరకు మార్చాను. టీ తాగి వచ్చేసరికి ఎలుకలన్నీ ఇటు మూలకు చేరాయి.

కంచె దగ్గరికి వెళ్ళి చూశాను. పేర్చిన రాళ్ళు పేర్చినట్టే ఉన్నాయి. తవ్వి చూసేంత ధైర్యం నాకు లేదు. ఆ రోజునుంచి గుడ్ల జోలికి పోలేదు. పొద్దున్నే తలుపు తీసి, ఊళ్ళో పెద్దమనిషి ఇంట్లోకి వెళ్ళినట్టు ఒక్కసారి దగ్గి లోపలికి వెళ్ళేవాణ్ణి.

బాబా అబహా నుంచి వచ్చిన వారంలోనే ఒక పొద్దున గుడ్లు చీలాయి. చీలిన ప్రతి గుడ్డులోంచీ ఒక పిల్ల పసుపుపచ్చ ముట్టె బయటికి పెట్టి ఊపిరి పీలుస్తోంది. ఒక్కటి కూడా పోలేదు. ఎలుకలేమో డబ్బాలనిండా చెదిరి, ఎప్పటి గోలే చేస్తున్నాయి.

నేను కేక వేసుకుంటూ బాబా దగ్గరికి పరుగెత్తాను. చెప్పుల్లేకుండా! పెద్దాయన ఎలుకల గదిలో తెల్లటి తోబు, ఆ పొడుగు అంగీతోనే నేలమీద కూర్చుండిపోయాడు. మాషా అల్లా, మాషా అల్లా అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. నన్ను దగ్గరికి లాక్కుని నుదుటిమీద ముద్దు పెట్టాడు. నా ఇకామా మీద అంతకంటే గట్టి ముద్ర ఏ ఆఫీసూ వెయ్యలేదు.

రెన్యువల్ అయింది. నన్ను పాముల గదికి పెద్దను చేశాడు. మా ఇంటికి స్లాబు పడింది.

ఆ వేడి ఎక్కడిదో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినవాళ్ళను అడిగాను. కుళ్ళే పొట్టు వేడెక్కుతుందన్నారొకరు. నేను పోసింది కొత్త పొట్టు. గాడి సంగతీ ఎలుకల సంగతీ అడిగితే నవ్వి ఊరుకున్నారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. దయ్యాలను నమ్మనని ఇప్పటికీ అంటాను, కాకపోతే కొంచెం మెల్లగా అంటాను.

ఇక సత్తన్న. ఆ పొద్దున బాబా కళ్ళు తుడుచుకుంటుండగానే అతను అరబ్బీలో మొదలుపెట్టాడు. ఇక్కడ పెట్టమని చెప్పింది తనేనట, చలిగదిలో పొదిగించే కిటుకు తనదేనట. నాకు అంతమాత్రం అరబ్బీ అర్థమవుతుంది. బాబా నావైపు తిరిగి నిజమేనా అన్నాడు.

కాదనడానికి నోరు తెరిచాను. అంతలో ఇంకో ఆలోచన వచ్చింది.

"నిజమే బాబా" అన్నాను. "కిటుకంతా సత్తన్నకే తెలుసు. నాకేం తెలవదు."

రెండో ముక్క పచ్చి నిజం.

బాబా సంతోషానికి అంతులేదు. ఎలుకల గదిని ఆ రోజే సత్తన్నకు అప్పగించాడు. మరుసటి ఏడు ఇంకో పాము గుడ్లు పెడితే ఎక్కువభాగం మిషన్‌లో నా చేతికిచ్చి, కొన్ని మాత్రం కిటుకు చూపించమని సత్తన్నకిచ్చాడు. గదిలో కుర్చీ కూడా వేయించాడు.

సత్తన్న మంకీటోపీ పెట్టుకుని, డబ్బాలో చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. గుడ్లు చల్లగా ఉండేవి. ఎలుకలు ఇష్టమొచ్చినట్టు తిరిగేవి.

"తమ్మీ, నీ కాల్మొక్త, నిజం జెప్పు. ఏం జేసినవ్?"

"నాకు తెల్వదన్నా, ఒట్టు."

నమ్మేవాడు కాదు. నేనూ నమ్మించడానికి పెద్దగా కష్టపడలేదు. రోజూ పొద్దున వేడి వేడి టీ నేనే తీసుకెళ్ళి ఇచ్చి, తలుపు దగ్గర నిలబడి మర్యాదగా అడిగేవాణ్ణి:

"చక్కెర సరిపోయిందా అన్నా?"